ఆటలోని అడవి, మనసులోని అడవి

వీడియో ఆటలు ఆడే బాలబాలికలలో ఒక విశేషాన్ని ఉపాధ్యాయులు గమనించే ఉంటారు. ఆటలో ఒక అడవి వస్తుంది. ఆడేవాడు దానిని అరగంటలోనో, గంటలోనో దాటుతాడు. తెర ఆరిపోతుంది. కాని అడవి మాత్రం మనసులోనుండి పోదు. ఆ చెట్ల వెనుక ఏమున్నది? ఆ పాడుబడిన ఇల్లు ఎవరిది? మనము రాకముందు ఈ బాటపై ఎవరు నడిచారు? ఇటువంటి ప్రశ్నలు వెంటాడుతాయి. కొందరు ఆ అడవికి పటం గీస్తారు. కొందరు నోటుపుస్తకం చివరి పుటలలో, ఆటలో ఎక్కడా లేని సంఘటనలను కల్పించి కథ వ్రాస్తారు.

ఒక ఆటలోనో, నవలలోనో, సినిమాలోనో ఉన్న స్థలాలను, పాత్రలను తీసుకొని అభిమానులు స్వయంగా వ్రాసే ఇటువంటి కథలను ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. తెలుగులో అభిమాన రచన అనవచ్చును. ఇటువంటి కథ ఉన్న నోటుపుస్తకం ఉపాధ్యాయుని కంటబడితే ఏమి చేయవలెను? చదువు మానివేసి చేసిన కాలక్షేపమని చించివేయవలెనా? ఇతరుల సొత్తును కాపీకొట్టడమని మందలించవలెనా? లేక పిల్లవాని మనసు చక్కగా పనిచేస్తున్నదని సంతోషించవలెనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు మూడు సంగతులు తెలుసుకోవడం అవసరం. తెరపైన అసలు ఉన్నదెంత? దానికి కన్ను, మెదడు చేర్చుకొనేది ఎంత? ఆ చేర్పునుండి కథ ఎట్లు పుడుతుంది?

ఒక బైటులో ఇమిడిన అడవి

తెరమీది అడవి ఎంత చిన్నదో తెలుసుకోవడానికి పాత ఆట ఒకటి బాగా ఉపకరిస్తుంది. దాని పేరు పిట్‌ఫాల్. అమెరికాలో యాక్టివిజన్ అనే సంస్థ దీనిని 1982లో విడుదల చేసింది. డేవిడ్ క్రేన్ దీనిని రూపొందించాడు. హ్యారీ అనే సాహసి అడవిలో పరుగెత్తుతూ, దొర్లివచ్చే దుంగలను దాటుతూ, తీగలను పట్టుకొని ఊగుతూ, మొసళ్ల తలలపై అడుగు వేస్తూ 20 నిమిషాలలో 32 నిధులను సేకరించవలెను. ఆ అడవిలో ఒకదాని ప్రక్కన ఒకటిగా 255 దృశ్యాలు ఉన్నాయి.

ఈ ఆట నడిచిన యంత్రం పేరు అటారి 2600. ఆట నడిచే సమయంలో మారే విషయాలను గుర్తుంచుకొనడానికి ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఇది ఎంత స్వల్పమో ఒక పోలిక చెబుతుంది. నేడు కంప్యూటర్లలో విరివిగా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరచిహ్నానికి 3 బైట్లు కావలెను. ‘అడవిలో’ అనే మాటలో అ, డ, వ, గుడి, ల, ఓత్వం అని ఆరు చిహ్నాలు ఉన్నాయి. అనగా ఆ ఒక్క మాటకే 18 బైట్లు. 128 బైట్లలో 42 చిహ్నాలకు మించి పట్టవు. ఆట కార్యక్రమం మొత్తం వ్రాసి ఉన్న క్యార్ట్రిడ్జ్ పరిమాణం కూడా 4,096 బైట్లే.

ఇంత ఇరుకైన చోట 255 అడవి దృశ్యాలను ఒక్కొక్కటిగా గీసి దాచడం సాధ్యం కాదు. అందువలన క్రేన్ దృశ్యాలను దాచలేదు. వాటిని పుట్టించే నియమాన్ని దాచాడు. ఆ నియమాన్ని అర్థం చేసుకొనడానికి పలకమీద చేయదగిన చిన్న ఉదాహరణ ఉన్నది.

0, 1 అనే అంకెలు మాత్రమే వాడి మూడు అంకెల వరుస ఒకటి వ్రాయవలెను. 001 అనుకొందాము. ఎడమనుండి మొదటి రెండు అంకెలను చూడవలెను. అవి రెండూ ఒకటే అయితే 0, వేరు వేరు అయితే 1 అని క్రొత్త అంకెను నిర్ణయించవలెను. తరువాత ఎడమ చివరి అంకెను తీసివేసి, కుడి చివర క్రొత్త అంకెను చేర్చవలెను. 001లో మొదటి రెండు అంకెలు ఒకటే కాబట్టి క్రొత్త అంకె 0. వరుస 010 అవుతుంది. అదే నియమం మళ్లీ ప్రయోగిస్తే 101, తరువాత 011, 111, 110, 100 వస్తాయి. ఆపైన తిరిగి 001 వస్తుంది. మూడు అంకెలతో ఏర్పడే వరుసలు ఎనిమిది. వాటిలో 000 తప్ప మిగిలిన ఏడూ ఒక్కొక్కసారి వచ్చి, చక్రం పూర్తి అయినది. 000ను ఎందుకు వదలవలసి వచ్చింది? దానిలో అంకెలన్నీ ఒకటే కాబట్టి ఎన్నిసార్లు నియమం ప్రయోగించినా అది 000గానే ఉండిపోతుంది. అక్కడ అడుగుపెట్టినవాడు మరి కదలడు.

పిట్‌ఫాల్ ఆటలో మూడు అంకెలకు బదులు ఎనిమిది అంకెలు, అనగా ఒక బైటు ఉన్నది. ఎనిమిదింటిలో నాలుగింటిని చూసి, వాటిలో 1 అనే అంకె ఎన్నిసార్లు ఉన్నదో లెక్కించి, సరిసంఖ్య అయితే 0, బేసిసంఖ్య అయితే 1 చేర్చడం అక్కడి నియమం. ఎనిమిది అంకెలతో ఏర్పడే వరుసలు 256. అన్నీ సున్నాలైన వరుసను తీసివేస్తే మిగిలేవి 255. ఆట దృశ్యాలు 255 అయింది ఇందువలననే. హ్యారీ కుడివైపు ఒక దృశ్యం దాటితే నియమం ఒక్కసారి ముందుకు నడుస్తుంది. ఎడమవైపు మరలితే అదే నియమం వెనుకకు నడుస్తుంది. అందువలన వచ్చిన దారినే పోతే విడిచివెళ్లిన దృశ్యమే తిరిగి కనిపిస్తుంది. ఆ ఎనిమిది అంకెలలోనే దృశ్యంలోని వివరాలన్నీ ఉన్నాయి. మూడు అంకెలు ఎదురయ్యే వస్తువును, మూడు అంకెలు గుంట రకాన్ని, మిగిలిన రెండు అంకెలు చెట్ల అమరికను నిర్ణయిస్తాయి. రెండు అంకెలతో నాలుగు అమరికలే సాధ్యం. కాబట్టి ఆ మహారణ్యంలో చెట్లు నిలిచిన తీరులు మొత్తం నాలుగు!

అయినా దానిని ఆడినవారు నాలుగు రకాల తెరలను చూశామని అనుకోలేదు, అడవిలో తిరిగామనే అనుకొన్నారు. ఆ మరుసటి సంవత్సరం, 1983లో, హ్యారీ సాహసాలు అమెరికా టెలివిజన్‌లో బొమ్మల కథలుగా కూడా వచ్చాయి. ఒక బైటులో ఇమిడిన అడవి ఒక కథల వరుసకు పుట్టినిల్లు అయినది.

ఒకే గది, అంతులేని అడవి

ఇంతకంటె విచిత్రమైన అడవి జపానులో పుట్టింది. నింటెండో సంస్థ 1986లో విడుదల చేసిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా అనే ఆటలో ‘దారి తప్పించే అడవి’ ఒకటి ఉన్నది. అది నిజానికి ఒకే ఒక తెర. ఉత్తరానికి నడిస్తే అదే తెర మళ్లీ వస్తుంది. దక్షిణానికి నడిచినా, పడమటికి నడిచినా అదే. తూర్పుకు నడిస్తే మాత్రం అడవినుండి వెలుపలికి, వచ్చినచోటికే చేరుతారు. ఉత్తరం, పడమర, దక్షిణం, పడమర అనే వరుసలో నాలుగు తెరలు నడిచినవానికే అవతలి దారి దొరుకుతుంది.

దీనిలోని లెక్క ఉన్నతపాఠశాల విద్యార్థికి అందుబాటులో ఉన్నదే. తూర్పును వదిలివేస్తే ప్రతిసారీ మూడు దిక్కులు. నాలుగు అడుగులకు 3×3×3×3, అనగా 81 వరుసలు. వాటిలో నాలుగో అడుగుతోనే దారి చూపేది ఒక్కటి. రహస్యం తెలియనివాడు ఒకే తెరను పదులసార్లు దాటుతాడు. ప్రతిసారీ తాను క్రొత్త చోటికి వచ్చానేమో అని తడుముకొంటాడు. ఇక్కడ అడవి విస్తీర్ణాన్ని పెంచినది బొమ్మ కాదు, సందేహం. తెలియనితనమే ఇక్కడి విశాలత.

ఈ ఆట సృష్టికర్తలలో ముఖ్యుడైన షిగేరు మియామోతో 1952లో క్యోటో ప్రాంతంలోని సోనోబే అనే ఊరిలో జన్మించాడు. చిన్నతనంలో ఆ ఊరి చుట్టుప్రక్కల అడవులలో, గుహలలో ఒంటరిగా తిరిగిన అనుభవమే ఈ ఆటకు మూలమని ఆయన పలుమార్లు చెప్పాడు. అనగా నిజమైన అడవి మొదట ఒక బాలుని జ్ఞాపకంగా మారింది. జ్ఞాపకం ఆటగా మారింది. ఆటనుండి వేలమంది మనసులలో మళ్లీ అడవి మొలిచింది.

1998లో అదే వరుసలో ఒకారినా ఆఫ్ టైమ్ అనే ఆట వచ్చింది. దానిలోని అడవి మూడు కొలతలు గలది. బయటి ద్వారాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. సంగీతం ఏ ద్వారం వద్ద బిగ్గరగా వినబడుతుందో అదే సరియైన దారి. దారి తప్పినవారు ఎముకల గూడు వంటి పిశాచాలుగా మారుతారని ఆటలోని ఒక పాత్ర చెబుతుంది. ఇదివరకు అక్కడికి వచ్చి మాయమైన ఒక మనిషిని గురించి కూడా సూచనగా ఒక్క మాట అంటుంది. అతనికి ఏమి జరిగిందో ఆట చూపదు. ఇటువంటి చెప్పీ చెప్పని మాటలే అభిమాన రచనలకు విత్తనాలు. ఆట చూపిన చోట కథ వ్రాయవలసిన అవసరం లేదు. చూపక వదిలిన చోటనే కలము నడుస్తుంది.

కన్ను పూరించుకొనే ఖాళీలు

తక్కువ చూసి ఎక్కువ గ్రహించడం మనకు ఆటలు నేర్పిన అలవాటు కాదు. మన కన్ను అనుక్షణం చేస్తున్న పనియే అది. దీనిని తరగతిలో క్షణంలో నిరూపించవచ్చును.

తెల్లకాగితంపై ఎడమవైపు ఒక చిన్న గుణకారపు గుర్తు వేయవలెను. దానికి సరిగా కుడివైపున 8 సెంటీమీటర్ల దూరంలో బఠానీ గింజంత నల్లచుక్క పెట్టవలెను. ఎడమకన్ను మూసి, కుడికంటితో గుణకారపు గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లమెల్లగా దగ్గరకు తీసుకొనిరావలెను. ముఖానికి దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో నల్లచుక్క మాయమవుతుంది. కంటినుండి మెదడుకు పోయే నాడి బయలుదేరేచోట వెలుతురును గ్రహించే కణాలు లేవు. దీనినే అంధబిందువు అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ దీనిని 17వ శతాబ్దంలో వెల్లడించాడు. ఇందులో గమనించవలసినది చుక్క మాయమవడం ఒక్కటే కాదు. అది మాయమైనచోట నల్లని రంధ్రం కనిపించదు, తెల్లకాగితమే కనిపిస్తుంది. చుట్టూ ఉన్నదానిని బట్టి మెదడు ఆ ఖాళీని పూరించివేసింది!

1955లో గేటానో కానిజా అనే ఇటలీ మనస్తత్వశాస్త్రజ్ఞుడు మరొక చిత్రాన్ని ప్రకటించాడు. మూడు నల్లని బిళ్లలలో ఒక్కొక్కదానినుండి ఒక్కొక్క ముక్కను కోసి, కోసిన మూలలు లోపలివైపు ఎదురెదురుగా ఉండేటట్లు అమర్చితే, మధ్యలో తెల్లని త్రిభుజం స్పష్టంగా కనిపిస్తుంది. దాని భుజాలను ఎవరూ గీయలేదు. మూలల ఆనవాళ్లు మాత్రమే ఉన్నాయి. గీతలను చూచేవాని మెదడే గీసుకొన్నది.

అడవి బొమ్మ ఈ గుణాన్ని మరింతగా వాడుకొంటుంది. మైదానంలో దూరం వరకు కనిపిస్తుంది. అడవిలో ముందు చెట్టు వెనుక చెట్టును దాస్తుంది. కాబట్టి నాలుగు మానులు చూపి, వెనుక పచ్చని చీకటి పెడితే చాలు. దాగినవి ఎన్నో ఉన్నాయని చూచేవాడు అనుకొంటాడు. ఆటలు తయారుచేసేవారు తరచు అడవిని ఎన్నుకొనడానికి ఇదొక కారణం.

అమరావతి శిల్పి ఎరిగిన రహస్యం

ఈ రహస్యం యంత్రాలతో పుట్టినది కాదు. రాజధానికి పేరునిచ్చిన పాత అమరావతి, కృష్ణానది ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో ఉన్నది. అక్కడి మహాస్తూపానికి తాపడం చేసిన పల్నాటి సున్నపురాయి ఫలకాలు నేడు కొన్ని అమరావతిలోనే, కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీస్తుపూర్వ శతాబ్దాలనుండి క్రీస్తుశకం 3వ శతాబ్దం వరకు శిల్పులు వాటిపై కథలు చెక్కారు. వారికి దొరికిన చోటు కూడా ఇరుకైనదే. ఒక పలక, ఒక వృత్తం.

చెన్నైలో ఉన్న ఒక వృత్తశిల్పంలో నలగిరి అనే మదపుటేనుగు కథ ఉన్నది. ఒకవైపు ఏనుగు వీధిలోని జనాన్ని తొక్కివేస్తున్నది. అదే వృత్తంలో మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాలవద్ద మోకరిల్లి ఉన్నది. రెండింటికి మధ్య గీత లేదు. ఏనుగు రెండా, ఒకటా అని ఎవరూ అడగరు. మొదటి రూపంనుండి రెండవ రూపానికి నడిపించి, మధ్య కాలాన్ని పూరించేది చూచేవాని మనసు. హిమాలయారణ్యంలో ఆరు దంతాల ఏనుగురాజు కథ, అనగా ఛద్దంత జాతకం కూడా అమరావతి శిల్పులు చెక్కినదే. కొన్ని చెట్లు, ఒక తామరకొలను, ఏనుగులు. అంతటితో అడవి అయినది.

అన్నిటికంటె ఆలోచింపజేసేది బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలక. దాని ఒక ముఖంపై బోధివృక్షం, దాని క్రింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరించే భక్తులు ఉన్నారు. బుద్ధుని రూపం లేదు. అది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు పని అని పండితుల అంచనా. ఖాళీ ఆసనంపై ఎవరున్నారో భక్తుడే భావించుకొనవలెను. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాతిని త్రిప్పి, వెనుక ముఖంపై మరొక శిల్పి స్తూపాన్ని, దాని ద్వారంవద్ద నిలిచిన బుద్ధుని చెక్కాడు. ఒకరు ఖాళీగా వదిలినదానిని మరొకరు తమ కాలానికి తగినట్లు పూరించారు. అదే రాయి, అదే భక్తి, క్రొత్త కథనం.

ఆ మహాస్తూపం నేడు దిబ్బగానే మిగిలింది. 1816లో కాలిన్ మెకంజీ బృందం అక్కడి శిల్పాలకు చిత్రాలు గీయించిన నాటికే చాలభాగం చెదిరిపోయింది. అయినా స్తూపం ఎట్లుండేదో పండితులు ఊహించగలిగారు. ఎట్లు? స్తూపాన్ని అలంకరించిన పలకలపైననే స్తూపం బొమ్మ చెక్కి ఉన్నది. పునాదుల కొలతలు, పలకల పరిమాణం, ఆ బొమ్మలు కలిపి లుప్తమైన కట్టడాన్ని మనసులో మళ్లీ కట్టారు. ఇది కూడా ఊహయే. అయితే ఆనవాళ్లకు కట్టుబడిన ఊహ.

మెదడులో దారులు

చూచిన చోటును గుర్తుంచుకొనడం, చూడని చోటును ఊహించడం వేరు వేరు పనులని చాలకాలం అనుకొన్నారు. ఇటీవలి పరిశోధనలు ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉన్నదని చూపాయి.

మెదడు లోపలి భాగంలో హిప్పోక్యాంపస్ అనే అవయవం ఉన్నది. ఆకారంలో సముద్రపు గుర్రపు చేపను పోలి ఉండడం వలన దానికి ఆ పేరు వచ్చింది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ ఎలుకలలో దానిని పరీక్షించారు. ఎలుక ఒక నిర్ణీతమైన చోటికి వచ్చినపుడు ఒక కణం, మరొక చోటికి వచ్చినపుడు మరొక కణం చురుకుగా పనిచేయడం చూశారు. వీటికి స్థానకణాలు అని పేరు. మెదడు తాను తిరిగిన చోటుకు లోపల పటం గీసుకొంటుందన్నమాట. ఈ కృషికి ఓకీఫ్‌కు 2014లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

2007లో డెమిస్ హస్సాబిస్, ఎలినార్ మగ్వైర్, వారి సహచరులు మరొక అడుగు వేశారు. రెండువైపులా హిప్పోక్యాంపస్ దెబ్బతిని, జ్ఞాపకశక్తి కోల్పోయిన ఐదుగురిని వారు పరీక్షించారు. ఇసుక మేటవేసిన సముద్రతీరంలో పడుకొని ఉన్నట్లు ఊహించి వర్ణించండి అన్నటువంటి పనులు ఇచ్చారు. ఆరోగ్యవంతులు ఒక పూర్తి దృశ్యాన్ని వర్ణించారు. రోగులలో ఎక్కువమంది విడివిడి ముక్కలు మాత్రమే చెప్పగలిగారు. ఆకాశం, నీరు, ఇసుక ఉన్నాయి గాని అవి ఒకచోట కుదురుకొనలేదు. జరిగినదానిని గుర్తుచేసుకొనే యంత్రాంగమే జరగనిదానిని ఊహించడానికి కూడా తోడ్పడుతున్నదని దీనివలన తేలింది. ఈ హస్సాబిస్ చదువుకొనే వయసులోనే థీమ్ పార్క్ అనే వీడియో ఆట తయారీలో పాల్గొన్నవాడు కావడం గమనింపదగినది. 2024లో ప్రోటీన్ల నిర్మాణాన్ని ముందుగా గణించినందుకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకొన్నవారిలో ఆయన ఒకడు.

ఇప్పుడు ఆటలోని అడవికి తిరిగి వద్దాము. ఆడేవాడు దానిని బయటనుండి చూడడు. దానిలో తిరుగుతాడు, దారి తప్పుతాడు, ఏ మలుపు తరువాత ఏమి వస్తుందో నేర్చుకొంటాడు. అనగా ఒక నిజమైన ఊరిని గుర్తుంచుకొన్నట్లే గుర్తుంచుకొంటాడు. ఇల్లు, బడి, చెరువుగట్టు ఉన్న జ్ఞాపకాల మధ్య ఆ అడవి కూడా చేరుతుంది. ఊహకు ముడిసరుకు స్థలజ్ఞాపకం అయినపుడు, క్రొత్త కథ ఆ అడవిలో మొలకెత్తడంలో ఆశ్చర్యమేమున్నది?

తిరిగి చెప్పడమే సృష్టి

ఒకరు చెప్పినదానిని మరొకరు తిరిగి చెప్పేటపుడు కథ మారుతుంది. ఎట్లు మారుతుందో ఇంగ్లండులో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ పరిశీలించి 1932లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి కేంబ్రిడ్జి విద్యార్థులకు చదవడానికి ఇచ్చి, కొంతకాలం తరువాత జ్ఞాపకం నుండి వ్రాయమన్నాడు. తమకు పరిచయం లేని చిన్న తెడ్డుపడవను వారు మామూలు పడవ చేశారు. సీళ్ల వేటను చేపలవేట చేశారు. అర్థం కానిచోట తమకు తెలిసిన కారణం చేర్చారు. జ్ఞాపకమంటే పెట్టెలో దాచిన వస్తువును తీయడం కాదనీ, ఆనవాళ్లనుండి మళ్లీ కట్టుకొనడమనీ ఆయన నిరూపించాడు.

తెలుగువారికి ఇది క్రొత్త సంగతి కాదు. రాముడు, సీత, లక్ష్మణుడు అడవికి వెళ్లిన పదునాలుగేండ్లు ఊర్మిళ అయోధ్యలో ఎట్లు గడిపిందో వాల్మీకి చెప్పలేదు. ఆ ఖాళీని తెలుగు స్త్రీలు తమ పాటలో పూరించారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అనే పాటలో ఆమె ఆ పదునాలుగేండ్లూ నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగివచ్చి లేపబోగా పరపురుషుడని భ్రమించి మందలిస్తుంది. అడవికి వెళ్లినవారి కథను పెద్ద కావ్యం చెబితే, ఇంట మిగిలిన ఆడుకూతురి కథను పాట చెప్పింది. పాడినవారికి ఆ కావ్యంపై ఎంత ప్రేమ ఉన్నదో, దానిలో తమకు కనిపించని చోటును గురించి అంత ఆరాటమూ ఉన్నది.

అభిమాన రచన అనే పేరు ఆధునికమైనది. అమెరికాలో స్టార్ ట్రెక్ టెలివిజన్ కథల అభిమానులు 1967లో ‘స్పాకనేలియా’ అనే చిన్న పత్రికను తామే అచ్చువేసుకొని ఇటువంటి రచనలు ప్రకటించారు. ఆ తరువాత ఈ సాహిత్యం ఎంతో పెరిగింది. పేరు క్రొత్తదైనా పని పాతదే. ఆనవాలు పట్టుకొని ఖాళీ వెదకడం, ఖాళీలో తన అనుభవం ఉంచడం.

ఒక్క భేదం మరచిపోరాదు. పురాణకథ అందరిది. నేటి ఆటకు హక్కుదారు ఉంటాడు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఇతరుల రచనను అనుసరించి వ్రాసినదానిని ప్రకటించి అమ్ముకొనడానికి అనుమతి కావలెను. మూలమేదో చెప్పడం మర్యాద. మూలంలోని వాక్యాలను ఉన్నవి ఉన్నట్లు దించివేయడం రచన కాదు. నోటుపుస్తకంలో అభ్యాసానికి వ్రాసుకొనే పిల్లవానిని మాత్రం దొంగగా చూడడం అన్యాయం.

తరగతిలో ఏమి చేయవచ్చును?

ఆటలోని అడవి మంచి ప్రారంభమేగాని సమగ్రమైన అడవి కాదు. దానిలో చాలచోట్ల చెట్టు పెరగదు, ఆకు రాలదు. విత్తనం మొలకెత్తదు. చెదలు మానును తినదు. తరచుగా దానిలో కనిపించేది చలిదేశాల సూదియాకు చెట్టు. పల్నాటి విద్యార్థికి మాచెర్ల వైపు నల్లమల ఉన్నది. అక్కడ టేకు, నల్లమద్ది, తునికి పెరుగుతాయి. వేసవి ముదిరేసరికి చాల చెట్లు ఆకులు రాల్చివేస్తాయి. చెట్లు బోడివైతే అడవి దాచేది తగ్గుతుంది. దూరం కనిపిస్తుంది. ఎండుటాకులపై అడుగు చప్పుడవుతుంది. అటువంటి అడవిలో దారి తప్పిన కథ, మంచుదేశపు అడవిలో దారి తప్పిన కథకు భిన్నంగా ఉండితీరవలెను.

కాబట్టి ఇటువంటి కథ వ్రాసిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడగవచ్చును. ఆట నీకు చూపినది ఏది, నీవు చేర్చినది ఏది? రెండింటినీ రెండు వరుసలుగా వ్రాసి చూపించు. నీవు చేర్చినదానికి ఆటలో ఆనవాలు ఏమున్నది? నీ అడవిలో ఇప్పుడు ఏ ఋతువు, అక్కడ ఏ చెట్టు, దానిని నీవు ఎప్పుడైనా ముట్టుకొన్నావా? మొదటి ప్రశ్న పరిశీలనను అలవరుస్తుంది. రెండవది హేతువును. మూడవది పిల్లవానిని తెరనుండి లేపి ఊరి వెలుపలికి నడిపిస్తుంది. ఆటలు ఆడని పిల్లలకు అమరావతి ఫలకం చిత్రాన్ని చూపి, నలగిరి రెండు రూపాల మధ్య ఏమి జరిగిందో వ్రాయమనవచ్చును. అభ్యాసం ఒకటే.

గణితం ఇష్టపడేవారు మూడు అంకెల నియమాన్ని నాలుగు అంకెలకు విస్తరించి, పదునైదు దృశ్యాల అడవిని కాగితంపై గీయవచ్చును. ఏ అంకెలను పోల్చితే పదునైదూ వస్తాయో, ఏవి పోల్చితే చక్రం మధ్యలోనే ముగిసిపోతుందో తామే కనుగొనవచ్చును. అట్లు గీసిన అడవికి కథ వ్రాస్తే అది ఇంకొకరి అడవి కాదు, పూర్తిగా తమదే.

విజ్ఞానశాస్త్రం కూడా కనిపించినదానినుండి కనిపించనిదానిని ఊహించడమే. ఎముక ముక్కనుండి జంతువును, కాంతిరేఖనుండి నక్షత్రంలోని మూలకాన్ని, చెదిరిన పలకలనుండి మహాస్తూపాన్ని మానవుడు ఇట్లే నిర్మించుకొన్నాడు. ఈ ఊహ ఆనవాళ్లకు కట్టుబడి ఉంటుంది, తప్పని తేలితే మారుతుంది. నోటుపుస్తకం చివరి పుటలో తొలి మొలకగా కనిపించే ఊహాశక్తిని చించివేస్తే, మొదటి పుటలో పాఠం వ్రాయించి దానిని తిరిగి మొలిపించడం కష్టం.